పెద్దాయన సావు సిడీ

ప్రొద్దుటూరులో సైదాబీ అంగడికి గోడల్లేవు. అమ్మవారిశాల పక్కకు పోయే దావలో, ఎప్పుడో మూతబడిన టైలరు షాపు అరుగు మీద మూడు బల్లలు, పైన ఒక నీలం పట్ట, మూలన స్టూలు మీద ఒక పాత టీవీ. అంతే అంగడి. సరుకు మాత్రం కడప దాకా పోయినా అన్ని రకాలు ఒక్కచోట దొరకవు. పై బల్ల మీద స్తోత్రాల పుస్తకాలు, వ్రతకథలు, వాటిని ఆనుకొనే నమాజు నేర్పే పుస్తకాలు, భజన సిడీలు, కవ్వాలీ సిడీలు. నడిమి బల్ల మీద పంచాంగాలు, పశువుల వైద్యం, ముప్పై దినాల్లో కన్నడం, టీచరు పరీక్షల గైడ్లు, అట్టలూడిన నవలలు, నవ్వుల సినిమాలు, ఏడుపు సినిమాలు. కింది బల్ల మీద మంత్రతంత్రాల పుస్తకాలు, దయ్యాల సినిమాలు, కొడవండ్లు పట్టుకొని జీపుల మీద నిలబడిన హీరోల సినిమాలు. ఇదేం సర్దుడని ఎవరైనా అడిగితే సైదాబీ చెప్పే మాట ఒకటే: "దేవుండ్లు పైన, మనుషులు నడాన, దయ్యాలు కింద. అల్లా ఎట్ల పెట్టినాడో నేనూ అట్లనే పెట్టినా."

ఆ పొద్దు ఈశ్వరమ్మ వచ్చింది పై బల్ల కోసమే.

వాళ్ళ నాయన ఓబుల్‌రెడ్డి చనిపోయి మూడేండ్లు కావస్తోంది. జమ్మలమడుగు దాపున ఎర్రమిట్టపల్లె వాళ్ళది. ఏటా చేసే దినానికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టి, పోయేటప్పుడు చేతిలో ఒక చిన్న స్తోత్రాల పుస్తకం పెట్టి పంపడం ఈ మధ్య పెద్దిండ్లలో మామూలైంది. లోపలి అట్ట మీద పోయినవాళ్ళ ఫోటో, పేరు అచ్చేయించి ఇస్తారు. చదివేవాళ్ళు చదువుతారు, చదవనివాళ్ళు టీవీ పక్కన పెట్టుకుంటారు. ఎట్లయినా పెద్దాయన ముఖం నలుగురి ఇండ్లలో ఉంటుంది. ఈశ్వరమ్మకు కావలసింది అదే. మేనమామ కొడుకును చేసుకొని పుట్టినూర్లోనే కాపురమున్న మనిషి ఆమె. తండ్రి పేరు ఊరు ఎట్ల పలుకుతుందో రోజూ చెవులారా వింటూనే ఉంటుంది.

"ఇంగో రకం సూపిచ్చు సైదాబీ. అచ్చరాలు ఇంత సన్నగుంటే మా ముసలోళ్ళు యాడ సదువుతారు?"

"సదివేదానికా అక్కా ఇచ్చేది? కండ్లకద్దుకునేదానికి. అచ్చరాలు పెద్దగైతే పుస్తకం లావైతాది. లావైతే సంచిలో పట్టదు. సంచిలో పట్టకపోతే ఎంగిలాకు పక్కన ఇడిసిపెట్టి పోతారు."

"నీ నోట్లో మన్నుబొయ్య, ఏం మాటలే అవి!" అని నవ్వి, ఈశ్వరమ్మ సన్నక్షరాల పుస్తకాలే ఏరించింది. "ఫోటో గూడ తెచ్చినా. నీకు తెలిసిన ప్రెస్సాయన ఉండాడంటివే, ఆయనకియ్యి" అంటూ సంచిలో చెయ్యి పెట్టింది.

అప్పుడే లారీ డ్రైవరొకడు వచ్చి కింది బల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏమ్మా, ఫైటింగు సినిమా ఒగటియ్యి. పోయినసారి ఇచ్చింది నడాన నిలబడిపాయ."

"నువ్వు నిలబెట్టింటావు. ఏసి సూపిస్తా, కండ్లారా సూసుకొని పో. మళ్ళా నా మీదికి రావద్దు." సైదాబీ ఒక సిడీ తీసి టీవీ కింది డబ్బాలో వేసింది. సినిమా పేరులో సగం నెత్తురు, సగం ఏదో ఊరి పేరు. ఆడి వారం కూడా నిలవని సినిమా. నడాన ఆగుతుందేమో చూడాలని ఆమె వేలితో నొక్కి నొక్కి సినిమాను ముందుకు తోసింది. జీపులు పోయాయి, బాంబులు పోయాయి, ఒక పాట పోయింది. వేలు తీసినచోట ఒక శవయాత్ర నిలిచింది.

పూలు కట్టిన పాడె. పాడె మీద తలపాగా కట్టి, నుదుట నామం పెట్టిన ముసలాయన. ముందర తప్పెట్లు, తప్పెట్ల ముందర ఎగిరెగిరి ఆడుతున్న జనం. పైకి ఎగజల్లిన బొరుగులు ఆకాశంలో పూలవాన మాదిరి నిలిచి నిదానంగా కిందికి దిగుతున్నాయి. వాటిని రెండు చేతులతో చల్లుతున్న ఆడమనిషి మీదికి కెమెరా పోయింది. ఆ ఆడమనిషి ఈశ్వరమ్మ.

"ఊరిని పీక్కతిన్న రాక్షసుడు చచ్చాడు. ఆ రోజు ఆ ఊరికి పండగ" అని ఎవరిదో గొంతు చెప్పింది.

పాడె దింపారు. ఒక మనిషి వంగి, శవం చెవి దగ్గర నోరు పెట్టాడు. అది ఈశ్వరమ్మ తమ్ముడు నాగిరెడ్డి. వాని పెదవులు మూడుసార్లు కదిలాయి. వినబడిన మాట వానిది కాదు. "పో. పోరా. మళ్ళా ఈ గడ్డ మీద పుట్టాకు." అది సీమ మాట కూడా కాదు, సీమ మాట మాదిరి ఉండాలని ఎవరో ఎక్కడో గదిలో కూర్చొని పలికిన మాట.

డ్రైవరు తొడ చరుచుకొని నవ్వాడు. "ముసిలి నాకొడుకు సచ్చినాడని తిరనాళ్ళ జేస్తాండారు సూడు!"

ఈశ్వరమ్మ సంచిలోని చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. వేళ్ళ మధ్య ఫోటో. కండ్లు తనను మోసం చేస్తున్నాయేమో అనుకుంది. "సైదాబీ, ఆ ముసలాయన వచ్చే కాడ మళ్ళా ఒకసారి ఎయ్యి" అంది.

సైదాబీ వేసింది. వేస్తూ ఈశ్వరమ్మ ముఖం వైపు చూసింది. పుస్తకాలు, సినిమాలు అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ ముఖం చూసే బతకాలి.

ఓబుల్‌రెడ్డి దేవుడేం కాదు. చొప్పదంటు అడిగితే ప్రాణమడిగినట్టు చూసేవాడు. నీళ్ళ వంతు దగ్గర తోడబుట్టినవాన్ని కూడా నమ్మడు. నోరు తెరిస్తే పక్కూరికి వినపడేది. కానీ మాలపల్లె వాళ్ళ పాడె ఎవరి చేలోంచీ పోకూడదని ఊరు గట్లకు కంపలేసిన కాలంలో, తన వేరుశనగ బుడ్డల చేను నడుమ ఒక దావ విత్తనం చల్లకుండా వదిలిపెట్టినవాడు ఆయనొక్కడే. "ఏటికేడు ఆ దావలో జానెడు కలుపుకుంటాండావు రెడ్డీ" అని వాళ్ళు దెప్పేవారు. "మీరు బక్కోళ్ళు లేరా, మీ పాడెకు అంత చాలు" అని ఆయన తిట్టేవాడు. దావ మాత్రం ఉండింది. ఇప్పటికీ ఉంది.

ఆయనది పండుసావు. మనమలు, ముని మనమలు, ఆఖరి పొద్దు దాకా నడిచిన కాళ్ళు. పండుసావుకు ఏడవరు, ఆడతారు. తప్పెట్లు పెట్టి, టపాసులు కాల్చి, ఎగిరెగిరి సాగనంపుతారు. బాగా బతికి పోయినవానికి ఊరు చేసే మర్యాద అది. మాలపల్లె ఓబులేసు ఆ పొద్దు చేతి వేళ్ళు చిట్లేదాకా తప్పెట కొట్టాడు. దింపుడుకళ్ళం దగ్గర పాడె దించి, కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలవడం ఎక్కడైనా ఉన్నదే. ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడేమోనని ఆఖరి ఆశ.

ఆ ఆటను పండగ చేశారు. ఆ పిలుపును తిట్టు చేశారు.

"ఈ సినిమా ఎన్నుండాయి నీ కాడ?" అని అడిగింది ఈశ్వరమ్మ.

"కింద ఒగ కట్ట ఉండాది. ఎవురూ అడగరు క్కా, తూకానికి ఏద్దామనుకుంటాండా. నీకెందుకు?"

ఇక్కడ ఈశ్వరమ్మ చేసిన తప్పు ఒకటే. ఆయన మా నాయన అని చెప్పలేకపోయింది. డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ముందర ఆ మాట నోటికి రాలేదు. నోటికి వచ్చింది వేరే మాట.

"మా ఊరి దాపున తీసినారు. మావూరోళ్ళు ఉండారు అందులో. దినానికి వచ్చినోళ్ళకు పంచుదామని."

"అట్లనా!" అంది సైదాబీ. లెక్కపెట్టకుండా కట్ట మొత్తం తీసి సంచిలో వేసింది. డ్రైవరు కోసం టీవీ కింద ఆడిస్తున్నదాన్ని కూడా తీసి వేసి, వానికి దయ్యాల సినిమా ఒకటి ఇచ్చి పంపింది. "ఫోటో ఇస్తాంటివి గదక్కా?"

"మర్చిపోయొచ్చినా. మళ్ళొస్తాలే" అని, ఈశ్వరమ్మ పుస్తకాలు కూడా అక్కడే వదిలి బస్సెక్కింది.

ఇంటికొచ్చి, పెరట్లో రోలు ముందు కూర్చొని సిడీలన్నీ రోకటితో దంచింది. ముక్కలు ఎండకు రంగురంగులుగా మెరిశాయి. గింజలనుకొని కోళ్ళు పరిగెత్తుకొచ్చి, పొడిచి చూసి, వదిలేసి పోయాయి. అయిపోయిందిలే అనుకుంది. దినం దాకా ఈ పీడ ఊర్లోకి రాకుంటే చాలు. ఆ దినం ఊరంతా కూర్చొని నాయన పేరు మంచిగా తలుచుకుంటే, తర్వాత వచ్చే సినిమా ఏం చేయగలదు?

రెండు పొద్దులు పోయాక, తమ్ముణ్ణి దినానికి పిలవడానికి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయింది. బస్సు దిగితే ఎదురుగా పండ్ల బండి పక్కన తాడుకు వేలాడగట్టిన సిడీలు. గాలికి ఊగుతున్న వాటిలో నాలుగో ఐదో అదే సినిమా. ఈశ్వరమ్మ అడిగినంత ఇచ్చి అన్నీ కొనేసింది. "ఇంగా కావాల్నంటే రేపొస్తాయి పెద్దమ్మా" అన్నాడు అమ్మేవాడు.

నాగిరెడ్డికి అక్కడ ఎరువుల అంగడి. అక్క చెప్పింది విని మొదట తేలిగ్గా నవ్వాడు.

"సినిమా లేక్కా. సినిమాలో గాడిదను గుర్రమని సూపిస్తారు. మనల్ని ఎవురు గుర్తుపడ్తారు?"

"నువ్వు సూసినావా?"

"యాడ సూచ్చాను? వచ్చిన వారానికే పాయ గదా."

"అయితే సూడు."

బిల్లులు కొట్టే కంప్యూటర్లో వేశారు. తప్పెట్లు వచ్చినప్పుడు నాగిరెడ్డి కాలు తాళం వేసింది. బొరుగులు చల్లే అక్కను చూసి "భలే పడినావే" అన్నాడు. పాడె దింపారు. తన ముఖం వచ్చింది, తన పెదవులు కదిలాయి. "పో. పోరా."

కాలు ఆగిపోయింది. అప్పుడే ఒక రైతు వచ్చి పురుగుల మందు అడిగితే, లేచి ఇచ్చి, చిల్లర లేదని వాణ్ణి తిట్టి, వచ్చి కూర్చున్నాడు.

"నేను నాయనా అన్న్యా గదక్కా" అన్నాడు మెల్లగా.

"అన్న్యావు. నేనాడనే ఉండా గదా."

"మూడుసార్లూ నాయనా అనే అన్న్యా."

"అవును రా."

"మరి నా నోట్లో ఎవురి మాట పెట్టినారు ఈ లంజకొడుకులు?" అని లేచాడు. లేచినవాడు ఎక్కడికీ పోలేదు. పోవడానికి చోటు లేదు. అందుకని కోపం అక్క మీదికి తిరిగింది. "అయినా ఇదంతా నీ వల్లనే."

"నా వల్లనా? గండికోట కాడ సినిమా తీస్తాండామని, ఆ పొద్దు నల్లద్దాలోడు జీపు దిగొచ్చి, పాడె పోయేది కెమెరాలో పట్టుకుంటామని అడిగితే సరే అన్నెది ఎవురు? మీ నాన్నగారి ముఖం రాజుగారి ముఖంలా ఉందండీ, కలకాలం నిలిచిపోతుందండీ అంటే, ఉబ్బిపోయి తలూపినెది ఎవురు?"

"నేను సరే అన్న్యా. కాదన్ల్యా. మొదటిసారి తీసినదాంట్లో ముఖం సరిగ్గా పడలేదంటే, మళ్ళా తీసుకోండి అన్నెది ఎవురు?"

ఈశ్వరమ్మ కంప్యూటర్లోంచి సిడీ తీసి సంచిలో వేసుకుంది.

"దింపుడుకళ్ళం కాడ దించిన పాడెను మళ్ళా ఎత్తి, మలుపు దాకా ఎనక్కి తీసకపోయినాం. ఎత్తిన పాడె ఊరిపక్కకు మళ్ళగూడదని ఓబులేసు మొత్తుకున్న్యాడు. నువ్వేమన్న్యావో యాదికుండాదా? నీ తప్పెట నువ్వు కొట్టు, నీకెందుకు ఈ మాటలు అన్న్యావ్. తలపాగా జారితే నువ్వే మళ్ళా సర్ది కట్టినావు. కెమెరాకు బాగుండాల్నని."

అది నిజమే. ఆ పొద్దు ఈశ్వరమ్మకు అట్లనే అనిపించింది. ఇంత పెద్దమనిషి బూడిదైపోతాడు కదా, ముఖమన్నా మిగులుతుంది కదా అని. చచ్చినోని కండ్లు చారెడంటారు. ఆ చారెడు కండ్లు మూసి ఉన్నా, ముఖం నిండుగా పడాలనుకుంది. పడింది. నిండుగానే పడింది.

"ఊరుకో అక్కా" అన్నాడు నాగిరెడ్డి చివరికి. "కేసంటే నలుగురికీ మనమే చెప్పినట్లు. గమ్మునుంటే వానికదే పోతాది. పేడ మీద రాయేస్తే మన మీదే పడ్తాది."

"దినం దాకా ఊర్లోకి రాగూడదు" అంది ఈశ్వరమ్మ. "యాడ కనపడితే ఆడ కొంటా."

"కొను. ఓబుల్‌రెడ్డి బిడ్డవు గదా, చెప్తే ఇంటావా!"

ఆమె వినలేదు. జమ్మలమడుగులో కొన్నది. మళ్ళా పులివెందుల పోతే, పండ్ల బండి పక్కనోడు చెప్పినట్టే కొత్త కట్ట తెప్పించి పెట్టాడు. అదీ కొన్నది. రోలు దగ్గర సిడీల ముక్కలు కుప్ప పడ్డాయి. ఇప్పుడు కోళ్ళు కూడా రావడం మానుకున్నాయి. బోరు దగ్గర్నుంచి వచ్చిన మొగుడు ఆ కుప్పను చూసి, ఆమె ముఖం చూసి, కాళ్ళు కడుక్కొని లోపలికి పోయాడు.

దినానికి వారముందనగా బియ్యం, కందిబేడలు తెచ్చుకోవడానికి జమ్మలమడుగు పోయింది. ముద్దనూరు రోడ్డు మొదట్లో సెల్లుల్లోకి సినిమాలు ఎక్కించే చిన్న అంగడి ఒకటి ఉంది. దాని ముందు మోటారు సైకిళ్ళు, మూగిన పిల్లోళ్ళు, ఒక అట్టముక్క మీద ఎర్రసిరాతో రాసిన రాత: మన పక్కూరి సావు. నిజం సావు. డూపు కాదు.

ఈశ్వరమ్మ బేడల సంచి నేల మీద పెట్టింది. గాజు పెట్టె మీద వరసగా సిడీలు. పాత అట్ట మీద కొడవలి పట్టుకున్న హీరో ఉండేవాడు. ఇప్పుడు హీరో లేడు. అట్ట నిండా తలపాగా, నామం, మూసిన కండ్లు. నాయన.

"ఈ అట్ట ఎవురు మార్చినారు?" అని అడిగింది.

"ప్రొద్దుటూరు నుంచి ఇట్లనే వస్తాండాది మ్మా. ముందు ఈ సినిమాను కుక్క గూడ అడగల్యా. ఎవురో రెడ్లామె కట్టలు కట్టలు కొంటాందంట, ఊరంతా పంచేదానికి. ముసలాయన వచ్చే కాడ మళ్ళా మళ్ళా ఏపించుకొని సూసిందంట. అందుకని ఆయన ముఖమే పెట్టినారు అట్ట మీద. ఆ చింతచెట్టు, ఆ మలుపు సూసి మావోళ్ళు గుర్తుపట్టినారు, ఇది ఎర్రమిట్టపల్లె గదా అని. ఇంగ సూడు, సిడీ లేనోళ్ళు చిప్పుల్లో ఎక్కిచ్చుకుంటాండారు." అంగడాయన ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. "నీకు సిడీ కావాల్నా, చిప్పులోకా?"

"చిప్పులో ఎక్కినెవి మళ్ళా ఎట్ల తీసేది?"

ఆయన నవ్వాడు. "తీసేది యాడ మ్మా? ఒగని సెల్లు నుంచి ఇంగొగని సెల్లుకు పోతాంటాయి. అంటురోగం మాదిరి."

పిల్లోళ్ళలో ఒకడు ఆమెను తేరిపార చూసి, చేతిలోని సెల్లును చూసి, మళ్ళా ఆమెను చూశాడు. ఈశ్వరమ్మ కొంగు తల మీదికి లాక్కొని, బేడల సంచి అక్కడే మర్చిపోయి, ప్రొద్దుటూరు బస్సెక్కింది.

సైదాబీ దూరం నుంచే చూసి చేతులెత్తి పిలిచింది.

"రా అక్కా రా! నూరేండ్లు నీకు. నీ కోసమే పెట్టినా సూడు." నడిమి బల్ల మీద, పంచాంగాల పక్కన, అదే అట్టతో సిడీలు నడుమెత్తు దొంతి. కింద దయ్యాలతో ఉన్నవి మనుషుల బల్ల మీదికి ఎక్కాయి. "కడపలో సిడీలు ఏసేటోనికి చెప్పి కొత్తగా చేపిచ్చినా. నాసిరకం గాదు. పంచేదానికి కదా, అట్ట బాగుండాల్నని నేనే చెప్పి మార్పిచ్చినా. పులివెందులోడు, జమ్మలమడుగోడు గూడ నన్నే అడుగుతాండారు. నీ చెయ్యి మంచిది అక్కా, సచ్చిన సినిమాకు ప్రాణమొచ్చింది."

ఈశ్వరమ్మ చేతిసంచిలోంచి ఫోటో తీసింది. దొంతి మీద, అట్ట మీది ముఖం పక్కన పెట్టింది. ఫోటోలో ఓబుల్‌రెడ్డి కండ్లు తెరిచి ఉన్నాడు. అంతే తేడా.

సైదాబీ ఫోటోను చూసింది, అట్టను చూసింది, ఈశ్వరమ్మను చూసింది. ముఖంలోని నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక, స్టూలు మీది టీవీ కట్టేసింది.

"మీ నాయనా?"

"ఊ."

"మొదటి పొద్దే చెప్పింటే ఏమైతాండె అక్కా?"

"ఆ డ్రైవరు నవ్వుతాండె."

"వాడు నవ్వి లారీ ఎక్కి పోతాండె. ఆ కట్టను నేను తూకానికి ఏస్తాంటి. ఈ పాటికి దాంతో ఏ బకెట్టో చేసిందురు." సైదాబీ గొంతులో జాలి లేదు, తిట్టు లేదు. వ్యాపారం ఎట్ల నడుస్తుందో చెబుతోంది, అంతే. "కొనేటోళ్ళు అడిగేది మేం ఇంటాం గానీ, కొనేటోళ్ళ కడుపులో ఉండేది మాకెట్ల తెలుస్తాది? నువ్వు పంచాలంటివి. నేను మంచిదే అనుకుంటి. నువ్వు కొన్నెకొద్దీ నేను చేపిస్తి."

"నేను దంచినా సైదాబీ. అన్నీ రోట్లో ఏసి దంచినా."

"నువ్వు దంచేది రోట్లో. వాడు ఏసేది మిషన్లో. మిషన్తో పోటీ పడ్తావా?"

ఈశ్వరమ్మ అరుగు మీద కూర్చుంది. సైదాబీ దొంతిని రెండు చేతులతో ఎత్తింది. ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. పైన దేవుళ్ళున్నారు. కింద దయ్యాలున్నాయి.

"యాడ పెట్టాల క్కా ఇప్పుడు మీ నాయన్ను?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. చివరికి పాత గోనెసంచిలో వేసి మూతి కట్టింది. "నా కాడివి తీసేసినా. కడపలో ఏసేటోడున్న్యాడే, వాడు నా మాట ఇనడు. వాడు సరుకు మాటే ఇంటాడు. పులివెందుల, జమ్మలమడుగు నా చేతుల్లో లేవు." ఫోటో తీసుకొని, కొంగుతో తుడిచింది. "పుస్తకాలన్నా బాగ చేపిస్తా. నేనే దగ్గరుండి అతికిపిస్తా."

దినానికి జనం చానా వచ్చారు. పిలిచినవాళ్ళ కంటే ఎక్కువ వచ్చారు. పక్కూర్ల వాళ్ళు, పేరు గుర్తురాని దూరపు చుట్టాలు, మోటారు సైకిళ్ళ మీద కుర్రోళ్ళు. మొదట్లో ఈశ్వరమ్మకు కడుపు నిండింది. నాయన పేరింకా ఇంతమందిని కదిలిస్తోంది కదా అనుకుంది. నాగిరెడ్డి పులివెందుల నుంచి వచ్చి, ఎవరి ముఖంలోకీ చూడకుండా వడ్డిస్తున్నాడు. బంతిలో ఒకడు పక్కవాని చెవిలో "పో, పోరా" అన్నాడు. పక్కవానికి అన్నం పొలమారింది. నాగిరెడ్డి చేతిలోని పప్పు గరిటె ఆగి, మళ్ళా కదిలింది.

మాలపల్లె నుంచి ఓబులేసు వచ్చాడు. వచ్చినవాడు వాకిలి దాటి లోపలికి రాలేదు. ఈశ్వరమ్మే బయటికి పోయింది.

"రా ఓబులేసూ, కూచ్చో. అన్నం తిను."

"తినలేనమ్మా." ఆయన తలగుడ్డ విప్పి చేతుల్లో నలుపుతున్నాడు. "మా మనమడు సెల్లులో సూపిచ్చినాడు. పెద్దాయన సచ్చినాడని మేం సంతోసంతో ఎగిరినామంట గదా. ఆ మాట ఇని మా పిల్లోళ్ళు నన్నే అడుగుతాండారు, ఆయప్ప అంత చెడ్డోడా జేజబ్బా అని. మనకు దావిడిసిన మనిషి రా అంటే నమ్మరు. సినిమాలో ఉండాది గదా అంటారు. అట్ల గాదని నువ్వన్నా చెప్పమ్మా."

"ఎవురికని చెప్పేది ఓబులేసూ?"

ఓబులేసు "ఆ పొద్దు చెప్తి గదమ్మా, ఎత్తిన పాడె మళ్ళగూడదని" అని, తలగుడ్డ చుట్టుకొని వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు రోడ్డు మీద పోలేదు. బుడ్డల చేను నడుమ, తన ఇంటివాళ్ళ పాడెలు పోయే దావలో పోయాడు.

బంతులు లేచాయి. ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి ఒక్కొక్కరి చేతిలో పుస్తకం పెట్టసాగింది. సైదాబీ మాట నిలబెట్టుకుంది. ఫోటో నిండుగా, వంకర లేకుండా అతికి ఉంది. తీసుకున్నవాళ్ళు కదలడం లేదు. పుస్తకం చేతిలో పట్టుకొని, ఆమె వెనక ఉన్న గది వైపు చూస్తూ నిలబడుతున్నారు. కుర్రోళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఎవరు అడగాలా అన్నట్టు.

అడిగింది చిన్నత్త సుబ్బరత్నమ్మ. ఓబుల్‌రెడ్డి చెల్లెలు, చెవులు సరిగ్గా వినపడని మనిషి. అందుకని అందరికీ వినపడేట్టు అడిగింది.

"ఏమే ఈశ్వరీ, ఇదేనా? సిడీ ఇయ్యవా?"

"ఏం సిడీ అత్తా?"

"మా అన్న సిడీ. నువ్వు కట్టలు కట్టలు కొనుక్కొచ్చినావంట గదా, ఈ పొద్దు పంచేదానికి. జమ్మలమడుగంతా చెప్పుకుంటాండారు. దాని కోసమే గదా మేమంతా బస్సెక్కి వచ్చింది."

అందరూ అదే అడగాలని ఉన్నవాళ్ళే.

"సిడీ లేదత్తా. పుస్తకమే" అంది ఈశ్వరమ్మ.

సుబ్బరత్నమ్మ నమ్మలేదు. పుస్తకం తెరిచి ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకొని చూసింది. "సిడీ అట్ట మీదుండే ఫోటోనే బాగుండాదే" అంది. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని, లోపల ఎక్కడన్నా దాచిందేమోనని రెండుసార్లు గట్టిగా దులిపింది.

ఏమీ రాలలేదు. పుస్తకాన్ని ఎంగిలాకుల పక్కనున్న అరుగు మీద పెట్టి, ఆమె చెప్పులు వెతుక్కుంటూ పోయింది.